తెనాలి కాటర్లు, మోర్లీ సైకిలు

ఆ సైకిలు మా ఎదురింటి పెద్దాయనది. నేనిప్పుడు ఉంటున్నది ఇంగ్లండులో లీడ్స్ పక్కనున్న మోర్లీ అనే ఊళ్లో. ఆయనకి 82 ఏళ్లు. గత నవంబరులో షెడ్డు ఖాళీ చేస్తూ "నీకేమైనా పనికొస్తుందా లవ్?" అని అడిగారు. ఇక్కడి పెద్దవాళ్లు ఎవరినైనా అలాగే పిలుస్తారు. దుప్పటి తీసి చూస్తే ముదురు నీలం రంగు రేసు సైకిలు. 1950ల నాటిది.

నేను సైకిల్ షాపులో పెరిగిన దాన్ని. తెనాలిలో నాన్న గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చేవాడు, రిపేర్లు చేసేవాడు. అయినా ఇలాంటిది ఎప్పుడూ ముట్టుకోలేదు. సీటు కింది గొట్టం మీద 'రేనాల్డ్స్ 531' స్టిక్కరు సగం చెరిగిపోయి ఉంది. బర్మింగ్‌హామ్‌లో 1935 నుంచి ఆ పేరుతో తయారుచేసిన మాంగనీస్, మాలిబ్డినం కలిపిన ఉక్కు అది. గొట్టం చివర్లు మందంగా, మధ్యలో పలచగా ఉంటుంది. అతుకు పడేచోట బలం, మిగతా చోట్ల తేలిక. గోటితో మీటితే కంచు గిన్నె మీద తట్టినట్టు మోగుతుంది.

నాకు అర్థం కానిది ఒకటే. ముందు చక్రం ఇరుసుకి రెండు వైపులా చిన్న ఇనుప పట్టీలున్నాయి. ఎందుకని అడిగితే "రేసు చక్రాలు మోసుకెళ్లడానికి" అన్నారు.

ఆయన ఉన్ని మిల్లులో ఫిట్టరు. 17 ఏళ్ల వయసులో, సెకండ్ హ్యాండులో ఈ సైకిలు కొన్నారు. కారు లేదు. ఆదివారం చీకటితోనే మామూలు చక్రాల మీద రేసుకి బయల్దేరేవారు. రిమ్ముకి జిగురుతో అంటించిన సన్నటి టైర్ల రేసు చక్రాలు రెండూ ఆ పట్టీలకి బిగించి, పైన హ్యాండిల్‌కి తోలు పట్టీలతో కట్టేవారు. అక్కడికెళ్లాక మడ్‌గార్డులు, లైటు విప్పి కంచె పక్కన పెట్టి, చక్రాలు మార్చుకుని రేసు తొక్కి, మళ్లీ అన్నీ బిగించుకుని ఇంటికి. సోమవారం మిల్లుకీ ఇదే సైకిలు. ఆయన తొక్కిందంతా అమెచ్యూరుగానే. రేసుల వల్ల ఒక్క నెల ఇంటి అద్దె కూడా గడవలేదన్నారు, బాధేమీ లేకుండా.

ఆ రేసులు గుంపుగా తొక్కేవి కావు. నిమిషానికి ఒకరిని వదులుతారు, గడియారంతోనే పోటీ. 1890లలో రోడ్ల మీద గుంపు రేసులు పోలీసుల కంట పడితే సైకిళ్లకే ముప్పని సంఘాలవాళ్లు భయపడ్డారు. 1895లో బిడ్‌లేక్ అనే ఆయన ఈ పద్ధతి మొదలుపెట్టాడు. రోడ్డు పేరు బయటికి చెప్పకుండా కోడ్ నంబర్లు పెట్టుకునేవారు. యార్క్‌షైర్ కోడ్‌లు ఇప్పటికీ 'వి' అక్షరంతోనే మొదలవుతాయి. 25 మైళ్లు గంటలోపు తొక్కడం ఆ రోజుల్లో ప్రతివాడి కల. ఈ సైకిలు మీద ఆయన గంటకి 19 సెకన్ల ముందే ముగించారు. అది చెప్తున్నప్పుడు ఆయన కళ్లు చూడాలి!

మోర్లీ అంటే బెరిల్ బర్టన్ ఊరు కూడా. రూబార్బ్ అనే పుల్లటి కాడల మొక్కల తోటలో కూలిపని చేస్తూ ఏడు ప్రపంచ టైటిళ్లు గెలిచిన మనిషి. 1967లో 12 గంటల రేసులో 277.25 మైళ్లు తొక్కింది. ఆ రోజే మగవాళ్ల రికార్డు కొట్టబోతున్న మైక్ మెక్‌నమారాని దాటేస్తూ, చేతిలో లిక్కరిస్ మిఠాయి పెట్టి వెళ్లింది. ఆడవాళ్లలో ఆ రికార్డు 2017 దాకా, అంటే 50 ఏళ్లు నిలిచింది. మన ఆడపిల్లలందరికీ ఈమె కథ చెప్పాలనిపిస్తుంది నాకు.

ఇక మా సైకిలు సంగతి. ఎడమ పెడల్ క్రాంకు, అంటే పెడల్‌ని పట్టుకునే కడ్డీ, వదులు. దాన్ని ఇరుసుకి బిగించే ఏటవాలు మేకు, కాటర్, అరిగిపోయింది. ఇక్కడ దొరికినవి మెత్తటి ఇనుము, రెండుసార్లు తొక్కితే వంగిపోయాయి. నాన్నకి ఫోన్ చేశాను. షాపు మూసేసి పదేళ్లయినా కాటర్లు హార్లిక్స్ సీసాలో దాచే ఉంచాడు. ఆరు పంపించాడు. "రెండు వైపులా ఒకే వాలు రావాలి, అమ్మా. లేకపోతే పెడళ్లు ఒక గీత మీద ఉండవు. కొట్టేటప్పుడు క్రాంకు కింద చెక్క ముక్క పెట్టు, దెబ్బ బేరింగ్ బాల్స్ మీద పడకూడదు" అన్నాడు. ఆకురాయితో కొంచెం కొంచెం రుద్దుతూ, పెట్టి చూస్తూ, మళ్లీ తీస్తూ సాయంత్రమంతా గడిచింది. నాలుగోసారికి కూర్చుంది.

రంగు వేయించమని స్నేహితులంటున్నారు. వేయించను. హ్యాండిల్ పక్కన ఆ తోలు పట్టీలు ఒరుసుకున్న చోట రంగు పోయి ఉక్కు కనిపిస్తోంది. అది కనిపించాల్సిందే.

నిన్న పెద్దాయన్ని పిలిచాను. పెడళ్లు తిప్పి చూసి తల ఊపారు. తర్వాత సీటు పైకి లాగి, దాని గొట్టం మీద సన్నటి గీత చూపించారు. అది ఆయన ఎత్తు, 1961లో గీసుకున్నది. నన్ను ఎక్కి కూర్చోమని, అంగుళంన్నర దించి, నా చేతిలోంచి ఆకురాయి తీసుకుని పాత గీత పైన ఇంకో గీత గీశారు.