బైపీసీలో చింతగింజలు

పదో తరగతి లెక్కల్లో బొటాబొటిగా గట్టెక్కినవాణ్ణి. ఇక ఆ పీడ విరగడైందనే బైపీసీలో చేరాను. హన్మకొండలో మా కాలేజీలో ఆ సంబరం దసరా సెలవుల దాకా కూడా నిలవలేదు.

ఒకరోజు జువాలజీ సారు స్టీలు గిన్నెలో చింతగింజలు తెచ్చారు. తొంభై నల్లవి, పొట్టు తీసిన తెల్లవి పది. ఒక్కో గింజ ఒక్కో జన్యువన్నమాట. కళ్లు మూసుకుని రెండు తియ్యాలి, ఒకటి అమ్మది, ఒకటి నాయినది. చూసి రాసుకుని మళ్లీ గిన్నెలో వెయ్యాలి. నేను వెయ్యలేదు, బెంచీ మీద పేర్చుకుంటూ పోయాను. యాభై జంటలకే గిన్నె ఖాళీ.

"గిన్నెల వెయ్యకపోతే ఊరే ఖాళీ అయితది కదరా!" అన్నారు సారు. క్లాసంతా నవ్వు.

మళ్లీ వందసార్లు తీశాం. రెండూ తెల్లవి ఒక్కసారే వచ్చాయి. నలుపూ తెలుపూ కలిసినవి 17. లెక్క ప్రకారం 18 రావాలట. అప్పుడు బోర్డు మీద 'టూ పీక్యూ' రాశారు: పీ నల్లవాటి వంతు, క్యూ తెల్లవాటి వంతు, 2 × 0.9 × 0.1 అంటే నూటికి 18. 1908లో ఇంగ్లండు లెక్కల పండితుడు హార్డీ ఈ ముక్క రాస్తూ ఇది ఎక్కాలపాటి లెక్కేనన్నాడని చెబితే నాకు ఒళ్లు మండింది. అదే ఏడాది జర్మనీలో వైన్‌బర్గ్ అనే డాక్టరు కూడా విడిగా ఇదే తేల్చాడు.

ఊరు పెద్దదై, ఏదీ అడ్డుపడకపోతే ఎన్ని తరాలైనా నల్ల, తెల్ల గింజల నిష్పత్తి మారదు. మారిందంటే ఏదో ఒక పక్కకు నెడుతోందన్నమాట. ఎంత గట్టిగా నెడుతోందో కూడా లెక్క కట్టొచ్చు. మాంచెస్టర్ పొగమసిలో నల్ల చిమ్మటలు (సీతాకోకల్లాంటి రెక్కల పురుగులు) తెల్లవాటి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు సంతానాన్ని మిగిల్చి ఉండాలని బ్రిటిష్ జీవశాస్త్రవేత్త హాల్డేన్ 1924లో కాగితం మీదే తేల్చాడు. ఆయన తర్వాత మన దేశ పౌరుడయ్యాడు, 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. దేహాన్ని కాకినాడ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. సారు ఇది చెప్పేటప్పుడు గొంతు మారేది.

ఇప్పుడు నేను ఉట్నూరు వైపు సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) రక్తపరీక్షలు చేస్తుంటాను. అమ్మానాయినల ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే జబ్బు లేకపోగా, ప్రాణం తీసే మలేరియా నుంచి చాలావరకు కాపు. అందుకే మలేరియా ఉన్నచోట అది తుడిచిపెట్టుకుపోలేదు. నూటికి ఒకరికి జబ్బుంటే, పైకి ఏమీ కనపడకుండా మోసేవాళ్లు దాదాపు 18 మంది ఉంటారు. మొదటిసారి క్యాంపులో ఈ లెక్క వేసుకున్నప్పుడు బెంచీ మీది గింజలే గుర్తొచ్చాయి.

మొన్న ఒక గూడెంలో చింతగింజలతోనే ఇదంతా చెప్పి, సాయంత్రం సారుకు ఫోన్ చేశాను. అంతా విని ఒక్కటే అడిగారు.

"ఈసారన్నా గిన్నెల వేసినవా?"