ఎనిమిదో గుర్రం

మాది 1996 పదో తరగతి బ్యాచ్. మా ఇల్లు గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో, బడేమో శంకర్‌విలాస్ వంతెనకు అవతల. నాకు రెండో ఏట జ్వరం వచ్చింది. అది తగ్గేసరికి ఎడమకాలు పడిపోయింది. పోలియో అన్నారు.

నా పేరు మరిచిపోయినవాళ్ళకు కూడా నా క్యాలిపర్ చప్పుడు గుర్తుండే ఉంటుంది. తొడ నుంచి బూటు దాకా రెండు ఇనప కడ్డీలు, తోలు పట్టీలు, మోకాలి దగ్గర రెండు రింగులు. నిలబడి కాలు చాపగానే రింగులు కిందికి జారి టక్కుమని బిగుసుకునేవి. కూర్చోవాలంటే రెండు చేతులతో రెండింటినీ ఒకేసారి పైకి లాగాలి. ఒక్క రింగు మిగిలిపోయినా మోకాలు వంగదు. హాజరు పిలిచినప్పుడు నేను లేచి నిలబడేలోపు రెండు నంబర్లు దాటిపోయేవి.

ఎనిమిదో తరగతిలో తెలుగు మాస్టారు వినత కథ చెప్పారు. సవతి కద్రువ గుడ్లు ముందే పిగిలి పాములు పుట్టాయి. వినత ఆగలేక తన రెండు గుడ్లలో ఒకదాన్ని చిదిపింది. నడుము కింద ఇంకా ఏర్పడని కొడుకు పుట్టాడు. తొడలు లేవు కాబట్టి అనూరుడు. ఆ మాటకు క్లాసంతా నా వైపు తిరిగింది. నేను తల దించుకున్నాను.

"సూర్యుడి రథానికి గుర్రాలెన్నిరా?" అన్నారు మాస్టారు.

"ఏడండీ!"

"మరి పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి?"

ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే అది ఓదార్పు అయ్యేది. చూడలేదు కాబట్టి అది నాకు కథగానే అందింది.

ఆ సాయంత్రమే మా సాహసయాత్ర మొదలైంది. నా బెంచీ స్నేహితుడు (పేరు రాయొద్దన్నాడు) రోజూ నన్ను సైకిల్ మీద ఎక్కించుకునేవాడు. నేను వెనక క్యారియర్ మీద, కాలు పక్కకు చాపుకుని. వాడి భుజం మీద చెయ్యి వేసి ఎటు తిరగాలో నేను నొక్కి చెప్పాలి, వాడు తొక్కాలి. అలా నేను సారథినయ్యాను. వంతెన మా ఉదయాద్రి. ఎక్కేటప్పుడు వాడు దిగి తోసేవాడు. దిగేటప్పుడు ఇద్దరి చొక్కాల్లోకీ గాలి దూరేది. కింద రైలు పట్టాలు ఇనప నది. ముందు మిర్చి టిక్కీల (బస్తాల) లారీ పోతుంటే, ఆ ఘాటు వదిలేది అగ్నిభూతం. ఏ మలుపు చూసినా ఒకేలా ఉండే బ్రాడీపేట లైన్లూ అడ్డరోడ్లూ మాయాదుర్గం. సైన్సు ల్యాబుకు వెళ్ళే ఇరవై రెండు మెట్లు మాత్రం ఏ పేరూ పెట్టకుండా వదిలేశాం. వాటిని తలుచుకుంటేనే నాకు టెన్షన్.

ఇదంతా ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసేవాళ్ళం. పదో తరగతికి వచ్చాక ముగింపు దగ్గర గొడవైంది. సూర్యుడు మెచ్చి అనూరుడికి కాళ్ళు ఇచ్చినట్టు వాడు రాశాడు. నేను కొట్టేశాను.

"అష్టావక్రుడు సమంగా నదిలో మునిగితే వంకరలన్నీ పోలేదా?" అన్నాడు.

"జనకుడి సభలో బంది అనే పండితుణ్ణి ఓడించినప్పుడు వంకరలున్నాయి కదరా!" అన్నాను. నా గొంతు పూడుకుపోయింది. కాళ్ళు వస్తే గానీ కథ పూర్తి కాదంటే, అప్పటిదాకా వంతెన ఎక్కినవాడు ఎవరు?

రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు వాడే ఆ పేజీ తీసి చూపించాడు. సూర్యుడు కాళ్ళు ఇవ్వలేదు. ఎనిమిదో గుర్రాన్ని ఇచ్చాడు.

ఆ ఏడాదే, 1995 డిసెంబరులో, దేశమంతా పల్స్ పోలియో మొదలైంది. చంటిపిల్లల్ని ఎత్తుకుని అమ్మలు వరసలో నిలబడటం చూశాను. నోట్లో రెండు చుక్కలు, అంతే. మా పుస్తకంలో రాక్షసుడిని చంపడానికి నలభై పేజీలు పట్టింది. అసలు రాక్షసుడు మన దేశంలో చివరిసారి దొరికింది 2011 జనవరిలో, హౌరాలో. 2014 మార్చి 27న పోలియో పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన రాత్రి నేను వాడికి ఫోన్ చేశాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేకపోయాం.

ఉద్యోగం వచ్చాక పక్క చక్రాలు కట్టించిన స్కూటర్ కొన్నాను. మొదటిసారి వంతెన ఎక్కినప్పుడు వాడు వెనక కూర్చున్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి, ఎడమకు తిరగమని నొక్కాడు.

ఇప్పుడు బడికి వీల్‌చెయిర్‌లో వచ్చే పాప ఉందని విన్నాం. బడి భవనం అందరికీ అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. మన వరండాకు మాత్రం ఇంకా ఆ మూడు మెట్లే. ఈసారి మా బ్యాచ్ చందా ర్యాంపుకే. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలి. మూడు మెట్లూ కలిపి పద్దెనిమిది అంగుళాలు, అంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు. మొన్న ఆదివారం కొలతలు తీయడానికి ఇద్దరం వెళ్ళాం. టేపు ఒక కొస నా చేతిలో, రెండోది వాడి చేతిలో.

"పైన రథం తిరగడానికి ఎంత చోటు వదలాల్రా?" అన్నాడు వాడు, సున్నపు ముక్కతో గీత గీస్తూ.