ఆదివారం: గుడ్ల వేట

నా ఉప్పునీటి అక్వేరియంలో ఆకుపచ్చ అంచు, నారింజ నడుమ ఉన్న జోయాంథిడ్ల గుత్తి ఇవాళ కూడా పూర్తిగా విచ్చుకోలేదు. జోయాంథిడ్లంటే పగడాలకు చుట్టాలు, పూలలా విచ్చుకునే చిన్న సముద్ర జీవులు. లైటు వెలిగి చాలాసేపయింది. నీళ్లలో ఉప్పు కిలోకు 35 గ్రాములు, వేడి 26 డిగ్రీలు, రెండూ సరిగ్గానే ఉన్నాయి. అదే చిన్న తొట్టెలో పక్కనే ఉన్న మష్రూమ్ పగడం మాత్రం హాయిగా పరుచుకుని కూర్చుంది. నీళ్లలో తేడా ఉంటే అది కూడా ముడుచుకోవాలి. ఒక్క గుత్తే ముడుచుకుందంటే దాన్నింకా ఎవరో కొరుకుతున్నారన్నమాట.

ఎవరో తెలుసు. నూడిబ్రాంక్. గుల్ల లేని సముద్రపు నత్త. చిటికెన వేలి గోరంత కూడా ఉండదు, వీపంతా మెత్తటి కుచ్చులు. జోయాంథిడ్‌ను తింటూ దాని రంగునూ, దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచునూ తన కుచ్చుల్లోకి చేర్చుకుంటుంది. ఆకుపచ్చవి తింటే ఆకుపచ్చ, నారింజవి తింటే నారింజ. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లను చాలామందిని చూశాను గానీ, తిన్నింటి రంగే ఒంటికి పూసుకుని ఆ ఇంట్లోనే దాక్కునే ఘనుణ్ణి ఇక్కడే చూశాను. పగలు పాలిప్‌ల, అంటే గుత్తిలోని ఒక్కో పువ్వులాంటి జీవుల, కాడల సందుల్లో ఉంటుంది. రాత్రి లైట్లు ఆర్పేశాక టార్చి పట్టుకుని కాపలా కాస్తేనే దొరికేది.

అన్నయ్య ఫోను చేసి ఎప్పటిలాగే అడిగాడు: "అంత తంటాలెందుకురా, తొట్టెలో పోసే మందేదీ లేదా?" ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. దీన్ని చంపే మందుకు గాజు మీద నాచు నాకే మంచి నత్తకూ దీనికీ తేడా తెలియదు. చేపల జబ్బులకు వాడే రాగి మందు పోస్తే రొయ్యలు, నత్తలు, పగడాలు అన్నీ పోతాయి. చచ్చినవన్నీ ఇసుకలో కుళ్లి నీళ్లు పాడుచేస్తాయి. ఆరు గీతల రాస్ చేపను వదలమని కొందరంటారు. అది కొన్నిటిని ఏరుకు తింటుంది, నిజమే. కానీ ఒకసారి చోటు చేసుకున్నాక తోటి చిన్న చేపలను బతకనివ్వదు. అందుకే జోయాంథిడ్లన్నిటినీ పెద్ద తొట్టెలోంచి తీసి విడిగా పెట్టాను. ఈ దొంగలు అవి తప్ప మరొకటి ముట్టవు. పెద్ద తొట్టెలో మిగిలిపోయినవి ఏమైనా ఉంటే ఆకలికే పోతాయి.

పని బాల్కనీలో. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు. ఇది ఆర్భాటం కాదు. జోయాంథిడ్లలో కొన్ని పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషాన్ని దాచుకుంటాయి. హవాయి శాస్త్రవేత్తలు 1971లో పాలిథోవా అనే జాతి నుంచి దాన్ని మొదటిసారి వేరుచేశారు. ఏ గుత్తిలో ఉందో, ఏ గుత్తిలో లేదో పైకి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అమ్మ నా అవస్థ చూసి జాలిపడి పొయ్యి మీద నీళ్లు పెట్టబోయింది. "సలసలా కాగే నీళ్లు పోస్తే పురుగులూ గుడ్లూ ఒక్క దెబ్బకు పోవూ?" పోతాయి, వాటితో పాటు మనమూ పోతాం. వేడి తగిలితే విషం ఆవిరితో పాటు గాలిలోకి లేస్తుంది. అక్వేరియం రాళ్లు ఉడకబెట్టి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంగతులు విదేశాల్లో నమోదయ్యాయి. అది చెప్పగానే అమ్మ పొయ్యి ఆర్పేసింది. "ఇలాంటివి ఇంట్లో పెట్టుకుని మళ్లీ ముద్దు చేయడమొకటి" అని మాత్రం వినపడేలా అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

బేసినులో తొట్టె నీళ్లే పోసి, డికాక్షన్ రంగు వచ్చేదాకా లూగోల్ అయోడిన్ అనే అయోడిన్ ద్రావణం చుక్కలు వేశాను. గుత్తిని ముంచి, సూది లేని సిరంజితో సందుసందులోకీ నీళ్లు కొట్టాను. కాసేపటికి ఒకటి పట్టు వదిలి, ముడుచుకుంటూ అడుగుకు దిగింది. తెల్ల బేసినులో పడ్డాక చూడాలి దాని వేషం: నారింజ కుచ్చులు, చివర ఆకుపచ్చ చుక్కలు. గుత్తి మీద ఉన్నంతసేపూ నా కళ్ల ముందే ఉండి కనిపించలేదు.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. పెద్దవి అయోడిన్‌కు లొంగుతాయి, గుడ్లు లొంగవు. జిగురు పొర వాటికి కవచం. భూతద్దం పట్టుకుని అన్నయ్య కూతురు కూర్చుంది, ఎనిమిదో తరగతి, నాకంటే మంచి చూపు. "బాబాయ్, ఈ కాడ అడుగున చూడు!" నిజమే, పారదర్శకమైన జిగురులో చుట్టలు తిరిగిన తెల్లటి చుక్కల వరుస. నేను దాన్ని రెండుసార్లు దాటిపోయాను. పాత టూత్‌బ్రష్‌తో గీకాను, కదలలేదు. బ్లేడు మొనతో పాలిప్‌కు తగలకుండా లేపితే అప్పుడు ఊడింది. గుత్తిని కొత్త ప్లగ్ (పగడాన్ని నిలబెట్టే చిన్న దిమ్మ) మీద అతికించాను. పాత ప్లగ్ పగుళ్లలో ఎన్ని గుడ్లున్నాయో ఎవరు చూడొచ్చారు? దాన్నీ, బేసినులో నీళ్లనూ బ్లీచింగ్ ద్రావణంలో పోసి వదిలేశాను. అది గుడ్లనే కాదు, విషాన్ని కూడా విరిచేస్తుంది.

ఈ మిగులు నీళ్లను బీచ్‌కు తీసుకెళ్లి పారబోసేవాళ్లున్నారు, సముద్రం నీళ్లే కదా అని. మా విశాఖ తెన్నేటి పార్కు కింద ఆటుపోటు తగ్గినప్పుడు రాళ్ల మీద మన జోయాంథిడ్లే పరుచుకుని కనిపిస్తాయి. ఎక్కడినుంచో వచ్చిన దొంగను వాటి మీదికి వదలడమెందుకు? రాతి పగడాల జోలికి నేనెలాగూ పోను. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో వాటిని 2001లో చేర్చారు. ఎవరైనా "ఇంట్లో అక్రోపోరా పెంచుతున్నాను" అని, అదీ ఒక రాతి పగడమే, గొప్పగా చెబితే నాకు ఆ మాట రుచించదు.

గీకినా, ముంచినా, కళ్లు తప్పించుకున్న గుడ్లు ఉండనే ఉంటాయి. వెచ్చటి నీళ్లలో అవి వారం, పది రోజుల్లో పొదుగుతాయి. వాటి పిల్లలు పెద్దవై మళ్లీ గుడ్లు పెట్టేలోపు పట్టుకోవాలి. అంటే నెల పాటైనా వారానికోసారి ఇదే తంతు. ఒక్క వారం ఎగ్గొడితే మొదటికొస్తుంది.

వచ్చే ఆదివారం విజయనగరంలో మా మేనత్త మనవరాలి పెళ్లి, పొద్దున్నే ముహూర్తం. క్యాలెండరు చూసి, శనివారం రాత్రికే ముంచేస్తానని అమ్మకు చెప్పాను. "ముంచుకో నాయనా, కానీ పెళ్లికి వేసుకునే చొక్కాతో మాత్రం కూర్చోకు. అయోడిన్ మరక నా వల్ల కాదు" అంది.