నొప్పికి మార్కులు వేయమన్నారు

సయాటికా, అంటే నడుము నుంచి కాలిదాకా లాగే నరం నొప్పి, దాని మందు ట్రయల్ (మందు పనిచేస్తుందో లేదో మనుషుల మీద చూసే పరీక్ష) మొన్ననే పూర్తిచేశాను. ఎలా ఉంది, చేరొచ్చా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

నడుములో డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో తేలింది. పిర్ర దగ్గర మొదలై పిక్క మీదుగా చిటికెన వేలిదాకా లాగేది. అందరికీ రాసినట్టే నాకూ ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందు, మిథైల్‌కోబాలమిన్ అనే బీ12 విటమిన్ కలిపిన క్యాప్సూల్స్ రాశారు. అవి మింగి తరగతిలో బోర్డు ముందు తూలడం తప్ప ఒరిగిందేమీ లేదు. గుంటూరులో ఒక పెద్ద హాస్పిటల్లో డులోక్సెటిన్ పరీక్షిస్తున్నారని తెలిసి వెళ్ళాను. షుగర్ వాళ్ళ కాళ్ళ మంటలకి ఇచ్చే మందే అది. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి బిళ్ళ. ఎవరికేది పడిందో డాక్టరుకీ తెలియదు.

రక్తపరీక్షలు, ఈసీజీ, పడుకోబెట్టి కాలు చాపి పైకెత్తి చూడడం, ఇవన్నీ ఒక పూటలో అయిపోయాయి. అంగీకార పత్రంలో సంవత్సరాదాయం, నామినీ పేరు అడిగే గళ్ళు చూసి మా ఆవిడ బెంబేలెత్తింది. "ఏవండీ, ఇదేమన్నా ఎల్‌ఐసీ పాలసీనా?" అంది. పరీక్ష వల్ల మనిషి పోతే పరిహారం ఎవరికివ్వాలో తెలియడానికి ఆ గడి ఉండాలని మన దేశపు నిబంధనే. తెలిశాక ఆవిడ మరీ భయపడింది. నేను సంతకం పెట్టాను.

పాత క్యాప్సూల్స్ ఒక్కసారిగా ఆపకూడదు. వారానికి పైగా డోసు తగ్గిస్తూ మాన్పించారు. మధ్యలో తట్టుకోలేకపోతే పారాసిటమాల్ ఒక్కటే గతి. ఇంతవరకూ ఎవరైనా చేయగలరు.

ఆ తరవాత డైరీ ఇచ్చారు. గడిచిన 24 గంటల్లో కాలినొప్పి సగటున ఎంత, 0 నుంచి 10 లోపు అంకె వేయాలి. నేను లెక్కల మాస్టారిని. సగటంటే గంటగంటకీ వేసి కూడి భాగించాలా, నిద్రపోయిన గంటలు కలపాలా అని అడిగాను. ఆ కోఆర్డినేటర్ అమ్మాయి "మీకు అనిపించింది వేయండి సార్" అంది. నాలుగున్నర వేస్తే కొట్టేసింది. సగాలు చెల్లవట. 10 అంటే మీరు ఊహించగలిగినంత ఘోరమైన నొప్పి అని రాసుంది. నాకు ఊహతో పనేముంది? కిడ్నీలో రాయి పడ్డ రాత్రి నేలమీద దొర్లినవాణ్ణి. అది 10 అయితే ఇది 3. అలాగే వేసుకుంటూ పోయాను.

డైరీ చూసి అక్కడి కుర్ర డాక్టరు, వరసలో కూర్చున్న జనమంతా వింటుండగా, "3 నొప్పికి ఇంత దూరం ఎందుకొచ్చారు మాస్టారూ? పారాసిటమాల్ వేసుకుని బడికి పొండి" అన్నాడు, ట్రయల్లో చేర్చుకోలేదు. కొందరు నవ్వారు. అందులో ఒకడు నా దగ్గర పదో తరగతి చదివినవాడే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రాత్రిళ్ళు పక్క మీద ఒత్తిగిల్లలేక కూర్చున్నవాడికి నొప్పి లేదని ఆ కుర్ర డాక్టరు తీర్పు!

బయటికొస్తుంటే ఆ అమ్మాయి పక్కకి పిలిచి, "5 వేసుంటే సరిపోయేది సార్" అని గొణిగింది. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎమ్మెల్యే గారి మేనల్లుడికి కూడా ఒక్క మార్కు కలపని చెయ్యి ఇది. పైగా అది నీతి ఒక్కటే కాదు, లెక్క కూడా. లోపలికి రావడానికి అందరూ రెండేసి అంకెలు పెంచి రాస్తే, చేరాక ఆ రెండూ వాటంతటవే దిగుతాయి. ఉత్తుత్తి బిళ్ళ మింగినవాడికీ దిగుతాయి. ఇక మందు పనితనం ఎక్కడ కనబడుతుంది? ఈ మాట వెనక్కి వెళ్ళి పెద్ద డాక్టరమ్మకే చెప్పాను. ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమంది. ఇంత నొప్పి ఉంటేనే చేర్చుకుంటామన్న హద్దు రోగులకి చెప్పకపోవడానికి కారణం అదేనంది. అమ్మాయికి నా ఎదుటే చీవాట్లు పడ్డాయి. కుర్ర డాక్టరుకి మాత్రం ఏమీ పడలేదు, అది గమనించాను.

రెండోసారి చూడడానికి నిబంధనల్లో వీలుందట. ఈలోగా పాత క్యాప్సూల్స్ ప్రభావం పూర్తిగా దిగిపోయి, అంకెలు వాటంతటవే 6కీ 7కీ ఎక్కాయి. చేర్చుకున్నారు.

మాత్రలు మింగడం తేలిక. నోరెండింది, కడుపులో తిప్పింది, అసలు మందే పడిందని నా నమ్మకం. "ఏకాదశి ఉపవాసం నాడూ మీకంతే" అంటుంది మా ఆవిడ. కాలినొప్పి 2కి దిగింది. మందు వల్లనా అంటే చెప్పలేను. సయాటికా చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. 2017లో సిడ్నీ వాళ్ళు 209 మందితో ప్రీగాబాలిన్ పరీక్ష ఫలితం ప్రకటించారు. రెండు గుంపులూ 6 పైన మొదలై, ఎనిమిది వారాలకి మందు మింగినవాళ్ళు 3.7కి, ఉత్తుత్తి బిళ్ళవాళ్ళు 3.1కి వచ్చారు. ఆ తేడా లెక్కలోకి రానిది. కళ్ళు తిరగడం మాత్రం మందువాళ్ళకే ఎక్కువ. 2020లో బ్రిటన్ మార్గదర్శకాలు సయాటికాకి ఆ మందు ఇవ్వొద్దన్నాయి. మన ఊళ్ళో చీటీల మీద అదే మొదటి వరసలో ఉంటోంది. మా డాక్టరుకి ఈ సంగతి చెబితే "గూగుల్ చదివొచ్చారా?" అన్నాడు.

చేరాలనుకునేవాళ్ళు ముందు సీటీఆర్‌ఐ (మందు పరీక్షల్ని నమోదుచేసే మన దేశపు ప్రభుత్వ జాబితా) నంబరు అడగండి. 2009 జూన్ నుంచి మన దేశంలో ప్రతి మందు పరీక్షా అక్కడ నమోదు కావాల్సిందే, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. సంతకం పెట్టిన పత్రం ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఎప్పుడు మానేసినా కారణం చెప్పక్కర్లేదు, అందుకని వాళ్ళు మీకు మామూలు వైద్యం ఆపకూడదు. బస్సు టికెట్లు పారేయకండి, అవి చూపిస్తేనే డబ్బులిస్తారు. ఆటోవాడు టికెట్ ఇవ్వడని ఎంత చెప్పినా ఆ గుమస్తాకి ఎక్కలేదు. నాకు పడింది ఏ బిళ్ళో అందరి పరీక్షా ముగిశాకే చెబుతారట. నా ఫోన్ నంబరు రాసిచ్చి వచ్చాను.