34కి 2

2024 ఏప్రిల్లో మా బాల్టిమోర్ ఇంట్లో రోజూ ఒకటే గొడవ, బేస్‌బాల్ ఆటగాడు జాక్సన్ హాలిడే గురించి. ఇరవై ఏళ్ల కుర్రాడు. 2022 డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునేటప్పుడు, అందరికంటే ముందు మా ఊరి జట్టు ఓరియోల్స్ తీసుకున్నది అతన్నే. తండ్రి మ్యాట్ కూడా పేరున్న ఆటగాడే. తీరా పైస్థాయి మేజర్ లీగ్‌లోకి వచ్చాక 10 ఆటలు, 34 ఎట్-బ్యాట్లు (బ్యాటింగ్ అవకాశాలు), వాటిలో 2 హిట్లు, 18 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులకి అవుటవడం)!

"తొందరపడి తెచ్చారు, కింది లీగ్‌లకి, మైనర్స్‌కి పంపేయాలి" అని మా బావ.

"సచిన్ మొదటి రెండు వన్డేల్లోనూ సున్నాయే కదా బావా?"

"నీకు అన్నిటికీ క్రికెట్టేనా!"

చివరికి బావ అన్నట్టే నార్‌ఫోక్‌లోని కింది స్థాయి జట్టుకి పంపేశారు. రెండ్రోజులు బావతో సరిగ్గా మాట్లాడలేదు నేను. (పంపింది బావ కాదని తెలుసు. అయినా.)

జులై 31న మళ్లీ పిలిచారు. అదే రోజు బేస్‌లన్నీ నిండి ఉండగా కొట్టాడు, ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు, గ్రాండ్ స్లామ్! మేజర్స్‌లో అతని మొదటి హోమ్‌రన్. బంతి వెళ్లి మైదానం పక్కనున్న యూటా స్ట్రీట్‌లో పడింది. నేను సోఫా మీంచి లేచి అరిచిన అరుపుకి పాప నిద్ర లేచింది.

"చూశావా, కిందికెళ్లి నేర్చుకొచ్చాడు" అన్నాడు బావ.

"చూశావా, నేను ముందే చెప్పానా లేదా" అన్నాను నేను.