ముప్పై అయిదు కిలోమీటర్లు, పదకొండు రోజులు

విజయవాడ నుంచి గుంటూరుకు సుమారు ముప్పై అయిదు కిలోమీటర్లు. ఆ దూరం దాటి ఒక ఫైలు బ్రాడీపేటలోని మా ఇంటికి చేరడానికి పదకొండు రోజులు పట్టింది. నిన్న రాత్రి చేరింది. కోపం చల్లారితే సగం మరిచిపోతాను కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే నా మిత్రుడి తండ్రిగారు హరికథా భాగవతార్. ఊరూరా ఉత్సవాల్లో ఆయన చెప్పిన కథలు అరవై క్యాసెట్లలో మిగిలాయి. మావాడు రిటైరయ్యాక వాటన్నిటినీ ఓపికగా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. గొంతులో జీర కూడా పోకూడదని ఎక్కడా కుదించలేదు. అలా ఉంచితే గంట పాటకు దాదాపు 635 మెగాబైట్లు, అరవై గంటలకు 38 గిగాబైట్లు. మెయిలు ఖాతాతో ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్లలో పట్టదు. "పెన్‌డ్రైవ్‌లో వేసి బస్సులో పంపిస్తానురా" అన్నాడు. నేనే వద్దన్నాను. టొరెంటుగా పెట్టు, ఎక్కడి తెలుగువాళ్ళయినా తీసుకుంటారు అని సలహా ఇచ్చిందీ నేనే. ముప్పై ఒక్క సంవత్సరాలు ఫిజిక్సు చెప్పినవాణ్ణి, ఈ మాత్రం చేతకాదా అనుకున్నాను.

టొరెంటంటే తెలియనివాళ్ళకు ఒక్క మాట. పరీక్ష ముందురోజు రాత్రి హాస్టల్లో ఒకడి నోట్సును విడదీసి తలా నాలుగు పేజీలు పట్టుకుని, రాసుకున్నవి రాసుకున్నట్టు ఒకరికొకరు మార్చుకుంటారు చూడండి, అదే ఇది. 2001లో బ్రామ్ కోహెన్ అనే ఆయన తయారు చేశాడు. తన పేజీలు దాచుకునేవాడికి తక్కినవాళ్ళు కూడా ఆలస్యంగానే ఇస్తారు. ఆ సంగతి తెలియక చాలామంది అప్‌లోడ్‌ను దాదాపు సున్నాకు బిగించి, డౌన్‌లోడ్ రావడం లేదని ఏడుస్తారు. నేనూ మొదటి రోజు ఆ పనే చేశాను. పూర్తి ఫైలు ఉన్నవాణ్ణి సీడ్ అంటారు. మా కథలకు ఇద్దరే సీడ్లు: విజయవాడలో మావాడు, టెక్సాస్‌లో వాళ్ళ అమ్మాయి.

వేగం సెకనుకు 40 కిలోబైట్లు. అది కూడా రోజుకు ఏడెనిమిది గంటలే. చేయవలసినవన్నీ చేశాను. రూటర్ ఇనప బీరువా వెనక ఉంటే ముందుకు తెచ్చాను. వైఫై వదిలేసి తీగ కలిపాను. వేగం పరీక్షిస్తే 98 మెగాబిట్లు చూపించింది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, దాన్ని ఎనిమిదితో భాగిస్తే పన్నెండు మెగాబైట్లు. ఈ బిట్టుకూ బైట్‌కూ తేడా తెలియక గొడవపడేవాళ్ళలో ఇంజనీర్లూ ఉన్నారు, నేను వాళ్ళలో లేను. అనుమానం తీరడానికి డెబియన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ టొరెంట్ ఒకటి పెట్టి చూశాను, పదకొండు మెగాబైట్లతో పరుగెత్తింది. అంటే లైను మంచిదే, కంప్యూటరూ మంచిదే. మరి నలభై దగ్గర ఎందుకు ఆగింది? పీర్ల జాబితా, అంటే నాతో ఫైలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళ పట్టిక, తెరిచాను. అందులో టెక్సాస్ అమ్మాయి ఒక్కతే ఉంది. ఆఫీసు పని ఇంటి నుంచే చేస్తుంది కాబట్టి అప్‌లోడ్ తగ్గించి పెట్టుకుందట. పక్క ఊరివాడు మాత్రం జాబితాలోనే లేడు!

బయటివాళ్ళు నా కంప్యూటర్‌ను చేరాలంటే రూటర్‌లో పోర్టు, అంటే లోపలికి రావడానికి ఒక నంబరున్న తలుపు, తెరవాలి. తెరిచాను. పరీక్షిస్తే మూసే ఉందని చూపించింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే రూటర్ ఆపి మళ్ళీ వేయమన్నారు. వాళ్ళకు వచ్చిన మంత్రం అదొక్కటే. చివరికి ఆరో రోజున గొడుగు వేసుకుని, అరండల్‌పేటలో ఉన్న వాళ్ళ ఆఫీసుకు మిట్టమధ్యాహ్నం నడిచి వెళ్ళాను.

కౌంటర్‌లో కుర్రవాడికి ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. వెనక అయిదారుగురు నిలబడి ఉన్నారు.

"పోర్టు తెరుచుకోవడం లేదు బాబూ" అన్నాను.

"ఏ పోర్టు సార్?"

నంబరు చెప్పాను. నేను నిజాంపట్నం హార్బరు గురించి అడిగినట్టు చూశాడు. కంప్యూటర్‌లో నా ఖాతా తెరిచి, "మీకు స్పీడు ఫుల్లుగా వస్తోంది కదా సార్, ఇంకేం కావాలి?" అన్నాడు. నేను వివరించడం మొదలుపెట్టాను. అదే నేను చేసిన తప్పు. ముప్పై ఏళ్ళ అలవాటు, ఎవరైనా తెలియదంటే ఆగలేను. వివరణలో 'టొరెంట్' అన్న మాట దొర్లింది.

కుర్రవాడి ముఖం వెలిగిపోయింది. ఇప్పుడు అర్థమయింది అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలి, ఆఫీసంతా వినిపించేలా, "ఓహో, సినిమాలా మాస్టారూ! కొత్తవి దించుతున్నారా?" అన్నాడు. వరసలో ఎవరో నవ్వారు. చంటిపిల్లను ఎత్తుకున్న ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి "నమస్కారం సార్, నేను 2004 బ్యాచ్" అని ఒక గొంతు. మనిషిని గుర్తుపట్టాను. ప్రాక్టికల్స్‌లో రీడింగులు పక్కవాడి దగ్గర చూసి రాశాడని లేబరేటరీ బయట నిలబెట్టాను వాణ్ణి. ఇప్పుడు వాడు టై కట్టుకుని నిలబడి ఉన్నాడు, నేను దొంగసినిమాల ముద్దాయిని.

"సినిమాలు కాదు, హరికథలు" అన్నాను. ఆ మాట ఇంకా ఘోరంగా వినిపించింది. వాళ్ళ నాన్నగారి గొంతు, వాళ్ళ సొంత క్యాసెట్లు, పంచుకోవడం వాళ్ళ ఇష్టం అని చెప్పబోతే, కుర్రవాడు గొంతు తగ్గించి, ఇంట్లో పెద్దవాడిలా, "అలాంటివి మానేయండి మాస్టారూ, కేసులవుతాయి" అన్నాడు. నోట మాట రాలేదు. బయటికి వచ్చేశాను. బ్రాడీపేట మలుపు తిరిగాక గాని గొడుగు అక్కడే మరిచిపోయానని తెలియలేదు. వెనక్కి వెళ్ళలేదు. ఎండలోనే ఇంటికి వచ్చాను.

దొంగనోట్లు కాగితం మీదే అచ్చవుతాయి. అలాగని కాగితం కొనేవాణ్ణి నిలదీస్తారా? లైనక్స్ సంస్థలు తమ సాఫ్ట్‌వేర్‌ను టొరెంట్లుగా పంచుతాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ తన దగ్గరి పుస్తకాలూ రికార్డులూ అలాగే ఇస్తుంది. నెలనెలా నా దగ్గర డబ్బు పుచ్చుకునేవాడికి ఆ ముక్క తెలియకపోవడం నా నేరమా? ఇదంతా అక్కడ అనవలసింది. రాత్రి రెండు గంటలకు పక్క మీద తట్టింది.

ఎనిమిదో రోజున పక్కింటికి తీగ సరిచేయడానికి ఒక అబ్బాయి వచ్చాడు. అదే సంస్థ. మంచినీళ్ళిచ్చి అడిగాను. "మీ రూటర్ పేజీలో ఐపీ అడ్రసు ఎంతతో మొదలవుతోంది సార్?" అన్నాడు. ఐపీ అడ్రసంటే ఇంటర్నెట్‌లో మన లైను చిరునామా. నాది 100.72 అని ఉంది. బయట వెబ్‌సైట్లో చూస్తే వేరే నంబరు. "అంతే సార్, మీది పబ్లిక్ ఐపీ కాదు" అని నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఎనిమిది రోజుల నా వేదన ఆ ఒక్క వాక్యంలో తేలింది.

పాత పద్ధతి ఇంటర్నెట్ అడ్రసులు దాదాపు 430 కోట్లే. పంచడానికి ప్రపంచ స్థాయిలో ఉన్న నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. అందుకని సంస్థలు వందలాది ఇళ్ళకు ఒకే అడ్రసు తగిలిస్తాయి. లోపల వాడుకోవడానికి 100.64 నుంచి 100.127 దాకా 2012లో ప్రత్యేకంగా కేటాయించారు. ఫ్లాటు నంబర్లు లేని అపార్ట్‌మెంటు అనుకోండి. లోపలివాళ్ళు బయటికి వెళ్ళి పని చూసుకుని రావచ్చు. బయటివాడు వస్తే ఎవరింటికి పంపాలో వాచ్‌మన్‌కు తెలియదు. నేను నా గది తలుపు బార్లా తెరిచి కూర్చున్నాను, గేటు దగ్గర దారి లేదు. ఫోను చేసి అడిగితే విజయవాడ మిత్రుడిదీ 100తోనే మొదలవుతోంది. ఇద్దరం రెండు గేట్ల వెనక కూర్చుని ఒకరికోసం ఒకరం ఎదురుచూస్తున్నాం. ఇద్దరిలో ఒక్కరికి దారి ఉన్నా చాలు. డెబియన్‌కూ టెక్సాస్ అమ్మాయికీ అవతలి తలుపు తెరిచి ఉంది కాబట్టి నడిచింది.

ఆ ఆఫీసు మెట్లు నేను ఎక్కనన్నాను. మా ఆవిడ వెళ్ళింది. టొరెంట్ మాట ఎత్తకుండా, "గుమ్మం దగ్గర కెమెరా పెట్టుకుంటాం, ఊరెళ్ళినప్పుడు ఫోనులో చూసుకోవాలి, పబ్లిక్ ఐపీ కావాలి" అందట. నెలకు రెండు వందలు అదనం అని అయిదు నిమిషాల్లో రాసుకున్నారట. గొడుగు కూడా తెచ్చింది. మాకు కెమెరా లేదు. ఎవరైనా వెళ్ళేటట్టయితే అలాగే అడగండి. అబద్ధం చెప్పమని ఒక మాస్టారు అంటున్నాడని నవ్వకండి, నిజం చెప్పినందుకు నాకు జరిగిన మర్యాద పైన రాశాను.

నిన్న మధ్యాహ్నం కొత్త అడ్రసు వచ్చింది. రూటర్‌లో నా కంప్యూటర్‌కు లోపలి అడ్రసు మారకుండా బిగించి, అదే అడ్రసుకు పోర్టు కలిపాను. బిగించకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు అడ్రసు మారి మొదటికి వస్తుంది. పది రోజుల్లో వచ్చినవి 11 గిగాబైట్లు. మిగిలిన 27 రెండు గంటల్లోపే దిగాయి. మధ్యలో ఒకసారి ఆగితే గుండె జారిపోయింది. విజయవాడలో లాప్‌టాప్ మూత పెట్టి టిఫినుకు వెళ్ళాడట మహానుభావుడు.

పదిహేడో క్యాసెట్టులో కరెంటు హోరు ఎక్కువగా ఉంది. మళ్ళీ ఎక్కించి పంపుతానన్నాడు. తక్కినవి బాగున్నాయి. ఇప్పుడు నేనూ సీడ్‌నే, కంప్యూటర్ రాత్రంతా వేసే ఉంచుతున్నాను. తెల్లవారి చూస్తే ఎవరో ఇద్దరు తీసుకుంటున్నారు.