చెక్క బంతుల్లో వనిల్లా, మిరపకాయ, శొంఠి

జర్మనీలో ఫ్లేవర్ కంపెనీలో జాబ్ అంటే మా వాళ్ళు చాలామంది సెంట్లు తయారుచేస్తాననుకుంటారు, నిజానికి రోజంతా శాంపిల్స్ తూకం వేయడం, డైల్యూషన్లు చేయడం, గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో (శాంపిల్‌లోని పదార్థాలని విడదీసి చూపే యంత్రంలో) వచ్చిన పీకులు చూసుకోవడం, మధ్యమధ్యలో పేపర్ స్ట్రిప్ ముక్కు దగ్గర పెట్టుకుని ఏం వాసనొచ్చిందో రాసుకోవడం, ఇదే పని. ఊరి పేరు హోల్జ్‌మిండెన్, వేజర్ నది ఒడ్డున చిన్న ఊరు. 1874లో టీమన్, హార్మన్ అని ఇద్దరు కలిసి కోనిఫర్ చెట్ల రసంలో దొరికే కోనిఫెరిన్ అనే పదార్థం నుంచి వనిల్లా వాసననిచ్చే వనిలిన్ తయారుచేశారు, ఆ తర్వాత హార్మన్ తన సొంతూరైన ఇక్కడే ఫ్యాక్టరీ పెట్టాడు, అందుకే ఇంత చిన్న ఊళ్ళో ఇన్ని వాసనల ఉద్యోగాలు.

మా ల్యాబ్ వేరే ఫ్లోర్‌కి మారుతున్నప్పుడు పాత బీరువాలోంచి ఒక చెక్క పెట్టె బయటపడింది. అణువుల మోడల్స్ చేసే కిట్ అది, పరమాణువులకి రంగులేసిన చెక్క బంతులు, వాటిని కలపడానికి సన్నటి పుల్లలు, డబుల్ బాండ్ల (రెండు పరమాణువుల మధ్య జంట బంధాల) కోసం స్ప్రింగులు. పారేస్తామంటే నేను అడిగి తెచ్చుకున్నాను. కార్బన్ నలుపు, హైడ్రోజన్ తెలుపు, ఆక్సిజన్ ఎరుపు, ఈ రంగులు 1865 నాటివి, లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హోఫ్‌మన్ అనే కెమిస్ట్ క్రోకే ఆట బంతులకి రంగులేసి లెక్చర్ ఇచ్చాడు కదా, అప్పటినుంచీ వస్తున్నవే. ఆ హోఫ్‌మన్ తర్వాత బెర్లిన్ వచ్చాడు, టీమన్, హార్మన్ ఇద్దరూ అక్కడ ఆయన స్టూడెంట్లే. ఈ సంగతి తెలిశాక ఆ పెట్టె మీద నాకు ప్రేమ ఇంకా ఎక్కువైంది.

చలికాలం ఇక్కడ నాలుగున్నరకే చీకటి, డ్యూటీ నుంచి వచ్చి వంట అయ్యాక డైనింగ్ టేబుల్ మీద ఆ బంతులు పరుచుకుని కూర్చుంటాను. ముందు చేసింది వనిలిన్. ఆరు నల్ల బంతుల రింగు, ఒక మూల ఓహెచ్ (ఆక్సిజన్, దానికి ఒక హైడ్రోజన్), దాని పక్క మూల మీథాక్సీ (ఆక్సిజన్, దానికి ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు), ఓహెచ్‌కి సరిగ్గా ఎదురు మూల ఆల్డిహైడ్ (కార్బన్, దానికి డబుల్ బాండ్‌తో ఆక్సిజన్, ఇంకో హైడ్రోజన్). ఇప్పుడు ఆ ఆల్డిహైడ్ ఒక్కటీ పీకేసి, అక్కడ మూడు కార్బన్ల తోక పెట్టి చివర ఒక స్ప్రింగు బిగిస్తే అది యూజినాల్, అంటే లవంగం. తోక మార్చి ఒక నైట్రోజన్, ఒక ఆక్సిజన్ ఉన్న పొడుగాటి గొలుసు తగిలిస్తే క్యాప్సైసిన్, మన గుంటూరు మిరపకాయ మంట! రింగు మాత్రం అదే, నేను దాన్ని ముట్టుకోలేదు కూడా. పసుపులో కర్కుమిన్‌కి ఏడు కార్బన్ల గొలుసు, దాని రెండు చివర్లా మళ్ళీ ఇదే రింగు, ఒక్కోటి. ఐస్‌క్రీమ్ వాసనా, మిరపకాయ మంటా ఒకే రింగు మీద ఉన్నాయని చదివితే ఓహో అనుకుని వదిలేస్తాం, చేత్తో తోక మార్చినప్పుడే అది నమ్మకంగా మనసుకి ఎక్కుతుంది.

తోక పొడవు వల్ల ఇంకోటి కూడా అర్థమవుతుంది. అణువు బరువు చూస్తే క్యాప్సైసిన్ 305, వనిలిన్ 152, అంటే దానికి సగమే, అందుకే వనిలిన్ తేలిగ్గా గాల్లోకి లేచి ముక్కుకి చేరుతుంది, క్యాప్సైసిన్ లేవదు, దానికి వాసన అంటూ లేదు, మిరపకాయ వాసన వేరే అణువులది. మంట తెలిసేది నోట్లో నరాల మీద ఉండే రిసెప్టర్ (ఇలాంటి అణువుల్ని గుర్తుపట్టే ప్రోటీన్) వల్ల, అదే రిసెప్టర్ వేడికి కూడా తెరుచుకుంటుంది. 1997లో డేవిడ్ జూలియస్ టీమ్ దాన్ని పట్టుకుంది, 2021లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది అల్లం. అల్లంలో జింజెరాల్, అదే రింగుకి తోక మధ్యలో ఒక ఓహెచ్ ఉంటుంది, ఆ ఓహెచ్‌నీ పక్క కార్బన్ మీది ఒక హైడ్రోజన్‌నీ తీసి రెండూ కలిపితే చేతిలో ఒక నీటి అణువు మిగులుతుంది, ఖాళీ అయిన చోట స్ప్రింగు పెడితే షోగవాల్, శొంఠిలో ఉండేది అదే, ఘాటు జింజెరాల్ కన్నా ఎక్కువ. వీడియో కాల్‌లో మా అమ్మకి చూపించాను. "ఎండితే ఘాటెక్కదా మరి, ఇందులో వింతేముందే" అంది, తర్వాత ఒక్క క్షణం ఆగి "ఆ నీళ్ళ బంతులు మళ్ళీ చూపించు" అంది.

ఇక కార్వోన్ అనే వాసన అణువు దగ్గర కంప్యూటర్ మోడల్ నాకు అసలు సరిపోలేదు. పుదీనాలో ఒక కార్వోన్, ఇక్కడి రై బ్రెడ్‌లో వేసే క్యూమెల్ గింజల్లో ఇంకోటి, మన సోయికూర గింజల్లోదీ ఆ రెండోదే. రెండింట్లోనూ అవే పరమాణువులు, అదే వరస, తేడా అంతా ఒక్క కార్బన్ దగ్గర, కుడి చేయి ఎడమ చేయి లాగా. ఆ కార్బన్ మీద హైడ్రోజన్ పుల్లా, పక్కనున్న గుంపు పుల్లా తీసి అటుదిటు ఇటుదటు గుచ్చితే పుదీనా కాస్తా క్యూమెల్ అయిపోతుంది. స్క్రీన్ మీద ఎంత తిప్పినా రెండూ ఒకటేనేమో అనిపిస్తుంది, చేతుల్లో పట్టుకుని ఒకదాని మీద ఒకటి సరిపెట్టాలని చూస్తే చచ్చినా సరిపోవు. ముక్కులో రిసెప్టర్లకీ చేతివాటం ఉంటుంది కాబట్టి అవీ తేడా పట్టేస్తాయి. వీటి వాసనలు నిజంగానే వేరని 1971లో సైన్స్ పత్రికలో పేపర్లు వచ్చాయి, అప్పటిదాకా ఏదో మలినం వల్ల తేడా వస్తోందేమో అన్న అనుమానం ఉండేది.

క్యాంటీన్‌లో నాతో కూర్చునే కొలీగ్‌కి చిన్నప్పట్నుంచీ క్యూమెల్ బ్రెడ్ అలవాటు, నాకు పుదీనా పచ్చడి. ఒకరోజు రెండు మోడల్సూ తీసుకెళ్ళి ట్రే పక్కన పెడితే ఆయన తినడం ఆపేసి వాటితోనే కూర్చున్నాడు, బ్రేక్ అయిపోయేదాకా. నా జర్మన్ ఇంకా అంతంతమాత్రమే, అయినా ఆరోజు మేమిద్దరం మాట్లాడుకున్నంత ఎప్పుడూ మాట్లాడుకోలేదు, ఇప్పుడు ఆయనే వచ్చి వచ్చేవారం ఏం చేస్తున్నావ్ అని అడుగుతున్నాడు.

ఇంగువ చేద్దామన్నాను. అందులో ముఖ్యమైన వాసన డైసల్ఫైడ్‌లది, రెండు సల్ఫర్లు పక్కపక్కన, ఒకవైపు నాలుగు కార్బన్లు, ఇంకోవైపు మూడు. పెట్టెలో పసుపు బంతులు రెండే ఉన్నాయి, వాటితోనే అయిపోతుంది.